బాక్సు ఆపుదాం! గొంతు విందాం!

భీమిలి అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

ధనుర్మాసం వస్తే మన వీధుల్లోకి హరిదాసు వస్తాడు. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. వేషంలో లోటేమీ లేదు. పాట మాత్రం బండికి కట్టిన స్పీకరులోంచి వస్తోంది. ఆయన పెదాలు కదుపుతాడు. చిడతలది ఒక తాళం, రికార్డుది మరో తాళం. గంగిరెద్దు వెనక సన్నాయి కూడా చాలాచోట్ల పెన్‌డ్రైవుదే.

వాళ్లను వేలెత్తి చూపడానికి ఈ కరపత్రం వేయలేదు. మంచులో గంటల తరబడి పాడితే గొంతు బొంగురుపోతుంది. పాడినా అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు వినబడదు. గడప దాటి వచ్చేవారు లేరు. పాడినా పాడకపోయినా పడేది అదే గుప్పెడు బియ్యం. మనం వినడం మానేశాం కాబట్టే వాళ్లు పాడడం మానేశారు.

సినిమాలో ఎన్టీఆర్ పెదాలు కదిపితే ఘంటసాల పాడారు. అందులో దాపరికం లేదు, గాయకుడి పేరు తెర మీదే పడింది. పాడినవాళ్లు వేరని తేలినందుకు 1990లో మిల్లీ వనిల్లీ అనే జోడీ నుంచి గ్రామీ అవార్డునే వెనక్కి తీసుకున్నారు. వీధిలో తెర లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషే పాట. ఇంట్లోవాళ్లను పేరుపేరునా దీవించడం రికార్డుకు చేతనవుతుందా?

మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లనే చూడండి. రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని, అరచేతులతో వాయిస్తూ, నోటితో పాడుతూ, అదే ఊపులో గెంతుతారు. గురువు వేగం పెంచితే బృందమంతా అందుకుంటుంది. అక్కడ డీజే పెడితే రేకు చప్పుడు వినబడదు, చేతులు ఊరికే ఊగుతాయి. కొన్నేళ్లు అలా సాగితే పిల్లలకు తాళం నేర్పేవారే మిగలరు. షిప్‌యార్డులో పనిచేసి, గజ్జె కట్టి ఆడిపాడిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఈ పల్లె బాణీలతోనే జనాన్ని కదిలించారు.

అందుకే రండి, ఇలా చేద్దాం:

1. హరిదాసు గడపకు వస్తే "అయ్యా, బాక్సు ఆపండి, ఒక్క కీర్తన మీ నోట వింటాం" అని అడుగుదాం. అయ్యేదాకా నిలబడదాం. పాడినవారికి చేట నిండా బియ్యం వేద్దాం. గొంతు బాగోలేదంటే ఉత్తచేతులతో పంపొద్దు.

2. పండగ కమిటీ పెద్దలారా! బయానా ఇచ్చేటప్పుడే నోటిపాట, చేతివాద్యం ఉండాలని మాట తీసుకోండి. డీజేకి పెట్టే సొమ్ము కళాకారులకు ఇవ్వండి.

3. బృందం ఆడుతున్నంతసేపూ పక్కనున్న సౌండు కట్టేయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి.

4. పంతుళ్లారా! బడి వార్షికోత్సవంలో ఒక్క అంశమైనా పిల్లలు సొంతంగా పాడి, వాయించేది పెట్టండి. చుట్టుపక్కల పల్లెల్లో తప్పెటగుళ్లు, జముకుల కథ తెలిసిన పెద్దలను పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి నేర్పించండి.

5. కళాకారులారా! జీర పలికినా, శ్రుతి కాస్త తప్పినా ఫర్వాలేదు. మీ గొంతే మాకు కావాలి.

లైట్‌హౌస్ వీధుల నుంచి తగరపువలస దాకా ఈ మాట చేరాలి. ఈ కాగితం చదివి పక్కింటికి ఇవ్వండి. ఈ ధనుర్మాసం మొదటిరోజే తలుపు తీసి బయటికి రండి!

నోటిపాటకే మా చేటెడు బియ్యం!
చేతివాద్యానికే మా పండగ బయానా!

ఇట్లు,
భీమునిపట్నం వీధిపాట అభిమానులు