రాష్ట్రపతి జోస్యము

రాష్ట్రపతి పదవికి గడువు దగ్గరపడినప్పుడెల్ల మన దేశమున నొక జోస్యకాలము ప్రవేశించును. పక్షము ఎవరిని నిలుపును? దక్షిణాదివారినా, ఉత్తరాదివారినా? స్త్రీనా, పురుషునా? ఏ కులమువారిని? పత్రికలలో పేర్ల పట్టికలు వెలువడును. భావనపాడు ఒడ్డున వలలు బాగుచేయువారు మొదలుకొని టెక్కలి కోర్టు వకీళ్లవరకు, పలాస స్టేషనులో బండికై వేచియుండు మావంటి బడిపంతుళ్లవరకు, ప్రతివారును తమతమ పంచాంగములు విప్పుదురు. మా బడిలోని పిల్లలు సైతము ఆ పేర్లు గడగడ చెప్పగలరు. ఆ పదవియందుండువారు చేయు పని యేమని యడిగినచో, పిల్లలే కాదు, వారి తండ్రులును నేలచూపులు చూతురు.

ఇది వట్టి కాలక్షేపము, దీనిపై కయ్యమేల యని కొందరు మిత్రులు మమ్ము మందలించిరి. కాలక్షేపమే యైనచో మేము కలము పట్టకయుందుము. ఇది ప్రజల బుద్ధికి ఒక చెడు అలవాటు నేర్పుచున్నదని మా ఫిర్యాదు. రాష్ట్రపతి యనగా పక్షమువారు ఒకరికి పంచిపెట్టు బహుమానమనియు, ఆ బహుమానము మనవానికి దక్కునా దక్కదా యని చూచుటయే మన పని యనియు ఈ జోస్యము మనకు తెలియకుండ నేర్పుచున్నది.

పోనీ, జోస్యము ఫలించునా? అదియు అరుదు. 2002లో కృష్ణకాంత్ గారి పేరును, అలెగ్జాండరు గారి పేరును త్రాసులో వేసి తూచుచుండగా, అబ్దుల్ కలామ్ గారు వచ్చిరి. 2017లో రామనాథ కోవింద్ గారిని ముందుగా తలచినవారు మిక్కిలి కొలది. 2022 జూన్‌లో, ఉపరాష్ట్రపతిగా నుండిన వెంకయ్యనాయుడు గారికే పదవి వచ్చునని తెలుగిండ్లలో ఎందరో ఆశపడిరి. ఆ నెల 21వ తేదీన ద్రౌపది ముర్ము గారి పేరు ప్రకటింపబడెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇట్టివారి కొరకే పుట్టినది. అయినను తప్పిన జోస్యముకన్న ఫలించిన జోస్యమే మనకు ఎక్కువ కీడు చేయునని మా నమ్మకము. ఫలించిననాడు మనము తృప్తిపడి నిద్రపోవుదుము.

1969వ సంవత్సరమును తలచుకొందము. ఆ కథలో ప్రధాన పాత్రధారు లిరువురును తెలుగువారు. అందొకరు మన పొరుగువారు. వరాహగిరి వేంకటగిరి గారు బరంపురములో 1894లో జన్మించినవారు. 1952లో పాతపట్నము నియోజకవర్గమునుండి లోకసభకు వెళ్లినవారు. నీలం సంజీవరెడ్డి గారు అనంతపురము సీమవారు, అప్పుడు లోకసభకు అధ్యక్షులు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ గారు పదవిలో నుండగనే మరణించిరి. కాంగ్రెసు ఎవరిని నిలుపునను జోస్యము మొదలయ్యెను. జూలైలో బెంగుళూరున కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు కూడినప్పుడు ఇందిరాగాంధి గారు జగజ్జీవన్‌రామ్ గారి పేరు సూచించిరి. నలుగురు సంజీవరెడ్డి గారి పక్షమున నిలిచిరి, ఇరువురు కాదనిరి, నిర్ణయము జరిగిపోయెను. దేశమంతటికిని ప్రథమపౌరుడు కాగలవానిని నిర్ణయించుటకు ఆ పూట కావలసినది నాలుగు చేతులు!

తరువాత జరిగినది మరింత వింత. సంజీవరెడ్డి గారి నామినేషను పత్రముపై ప్రతిపాదకురాలిగా సంతకము చేసినది ఇందిరాగాంధి గారే. ఆ సంతకము చేసిన వారే పిదప పక్షమునకు విప్ ఇచ్చుటకు సమ్మతింపక, సభ్యులు అంతరాత్మను అనుసరించి వోటు వేయవలెననిరి. తాత్కాలిక రాష్ట్రపతిగా నుండిన గిరి గారు జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. ఆగస్టు 16న వోట్లు పడెను. మొదటి లెక్కలో ఎవరికిని చాలిన బలము రాలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లు కలిపిన పిదప గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 విలువగల వోట్లు వచ్చెను. కొన్ని నెలలకే కాంగ్రెసు రెండుగా చీలెను.

నేటికిని ఈ కథ చెప్పుకొనునప్పుడు మన పెద్దలు ‘మనవాడు మనవానిపై గెలిచెను’ అని ముచ్చటపడుదురు. 1977లో సంజీవరెడ్డి గారు పోటీ లేకయే ఆ పదవి నందినప్పటి మాట యెత్తి మరికొంత ముచ్చటపడుదురు. కాని గిరి గారు ఆ ఐదేండ్లు ఆ కుర్చీలో కూర్చుండి ఏమి చేసిరని యడిగినవారిని మేము వ్రేళ్లపై లెక్కింపగలము. 1954లో కేంద్ర కార్మికమంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందున పదవిని విడిచిన ధీరుడాయన. 1973 ఏప్రిల్‌లో ముగ్గురు జ్యేష్ఠ న్యాయమూర్తులను త్రోసిరాజని వారి క్రిందివానిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించిన పత్రమును వారి పేరిటనే వెలువడెను. ఈ ఇరువురు గిరులలో ఎవరు ఏ వేళ మేల్కొందురో 1969లో వోటువేసినవారు విచారించియుండవలసినది. మనవాడగుట ఇందుకు సమాధానము కాదు.

‘అయ్యా, రాష్ట్రపతి రబ్బరుముద్ర, మంత్రిమండలి చెప్పినట్లు సంతకము చేయువానిని గూర్చి ఇంత విచారమేల?’ అని విద్యావంతులే అందురు. ఈ మాట సగము నిజము, అందుచేతనే మిక్కిలి ప్రమాదకరము. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ గారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రిమండలి కూడినది మరునాటి ఉదయము! మంత్రుల సలహాయే లేనిచోట ముద్ర వేయనని యనుటకు ఏ రాజ్యాంగము అడ్డువచ్చెను? ఆ చేదు అనుభవము తరువాతనే, మంత్రిమండలి నిర్ణయము లిఖితరూపమున నుండవలెననియు, సలహాను ఒకసారి పునర్విచారణకు త్రిప్పి పంపవచ్చుననియు 1978 నాటి 44వ సవరణ వ్రాసెను. ఆ ఒక్కసారి యను అధికారము చిన్నది కాదు. 1997లో నారాయణన్ గారు ఉత్తరప్రదేశమున రాష్ట్రపతి పాలన విధింపుమన్న సలహాను త్రిప్పి పంపిరి. మంత్రులు దానిని విడిచిపెట్టిరి. 2006లో కలామ్ గారు లాభదాయక పదవుల బిల్లును త్రిప్పి పంపిరి. ఆ కలామ్ గారే 2005 మే నెలలో మాస్కోలో నుండగా బీహారు శాసనసభను రద్దుచేయు పత్రముపై సంతకము చేసిరి. అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తరువాత తీర్పుచెప్పెను. మంచివాడనిపించుకొన్నవాని కలము కూడ ఒక రాత్రి జారవచ్చునన్నమాట. పేరు, కులము, ప్రాంతము తెలిసినంత మాత్రమున ఈ సంగతి మనకు తెలియునా?

ఒక సంతాలీ స్త్రీ ఆ భవనమున అడుగుపెట్టుట చిన్న విషయమని మేమనము. మా మందస కొండలలోని సవరల బిడ్డలు ఆ పటమును బడిగోడపై చూచి తలయెత్తుకొందురు, తలయెత్తుకొనవలసినదే. కాని ఆ బిడ్డల తరపున అడుగవలసిన ప్రశ్న యొకటి యుండెను. మందస, మెళియాపుట్టి ప్రాంతముల గిరిజన పల్లెలు పెక్కులు షెడ్యూలు ప్రాంతపు గీతకు వెలుపల నుండిపోయినవి. లోపలి గిరిజనునికి భూమివిషయమున నుండు రక్ష ఈ గీత వెలుపలివానికి లేదు. ఆ గీతను గవర్నరును సంప్రదించి పెంచుట, రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ప్రకారము, రాష్ట్రపతి ఉత్తరువువలననే కావలెను. మంత్రుల సలహా కావలెను, నిజమే. కాని ఆ సలహా ఏలరాలేదని అడుగుటకు ఆ కుర్చీకి నోరున్నది. 2022లో మన రాష్ట్రమున అధికారపక్షమును ప్రతిపక్షమును, మరి యే విషయమునను కలియనివి, ఆమెను బలపరచుటలో ఏకమైనవి. ఈ గీతమాట ఎత్తి బలపరచితిమని ఏ పక్షమువారైన చెప్పగా మేము వినలేదు.

ఇక మన వోటు మాట. రాష్ట్రపతిని మనము నేరుగా ఎన్నుకొనము. మన తరపున పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును ఎన్నుకొందురు. పలాసలోగాని టెక్కలిలోగాని గెలిచిన శాసనసభ్యుని వోటు విలువ 2022లో 159. ఆ 159 ఎక్కడిది? 1971 జనాభా లెక్కలో ఈ రాష్ట్రమునకు వచ్చిన తలలను 175 మంది సభ్యులకు పంచి, వేయితో భాగింపగా వచ్చినది. అనగా ఆ వోటులో మన తలలున్నవి. మన తాతల తలలును ఉన్నవి. అది రహస్యపు వోటు. దానికి పక్షము విప్ జారీచేయరాదు. పక్షము మాట కాదన్నందుకు ఫిరాయింపు చట్టము పట్టదు. రాజ్యాంగము ఆ సభ్యుని ఇంత స్వతంత్రునిగా నిలిపిన పని మరియొకటి అరుదు. నేడు అభ్యర్థిని 50 మంది ప్రతిపాదింపవలెను, 50 మంది బలపరుపవలెను. వారందరును ఈ సభ్యులే. నలుగురు ఒక గదిలో కూర్చుండి చెప్పిన పేరునకు ఇందరు ఎందుకు వ్రేలు కదల్చకుండ తల యూపవలెను? 2022లో 53 వోట్లు చెల్లక పోయినవి. అందు కొన్ని పార్లమెంటు సభ్యులవి. అంకె వేయుట రానివారు అంతరాత్మను ఏమి సంప్రదింతురో!

ఉద్దానములో మన శాసనసభ్యులు ఇంటిముందుకు వచ్చినప్పుడు మంచినీళ్ల గూర్చియు, మూత్రపిండముల వ్యాధి గూర్చియు, తుపానులో పడిపోయిన కొబ్బరి గూర్చియు గట్టిగా అడుగుదుము. అడుగుట మనకు చేతగాదని ఎవరును అనలేరు. ఇల్లాండ్రు మగవారికన్న గట్టిగా అడుగుదురు. ముర్ము గారు 2022 జూలై 25న ప్రమాణము చేసిరి, పదవికాలము ఐదేండ్లు. జోస్యకాలము మొదలగుటకు ముందే ఆ సభ్యులను ఈ మూడు మాటలు అడుగుడని మా కోరిక: మీరు వోటువేయు అభ్యర్థి ఏ పత్రమునైన త్రిప్పి పంపిన చరిత్ర కలవాడా? మంత్రులు కూడకముందే అర్ధరాత్రి కాగితము వచ్చినచో ఏమిచేయును? మందస కొండలలోని ఆ గీతను గూర్చి ఏమనును? సమాధానము చెప్పినను, చెప్పక దాటిపోయినను, ఆ సంగతి తేదీతోసహా ఈ పత్రికకు వ్రాసి పంపుడు.