మగ సంతకం

కిందటేడు మా బంధువులమ్మాయికి తోడుగా రాజోలు నుంచి అమలాపురంలో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. ఇద్దరు పిల్లలు. మూడో నెల. వద్దనుకుంది. కౌంటర్లో కాగితం తోసి, "మీ ఆయన సంతకం కావాలమ్మా" అన్నారు.

"మస్కట్‌లో ఉన్నారండీ."

కౌంటర్లో మనిషి ఆమె ముఖం వంక, పొట్ట వంక చూసింది. భర్త సెలవుకొచ్చి వెళ్ళి రెండు నెలలైందని ఆ చూపుకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సొచ్చింది. "అయితే మీ అత్తగార్ని తీసుకురండి." అత్తగారికి తెలీకూడదనే కదా ఆమె ఇంత దూరం వచ్చింది!

చివరికి 'అన్నయ్య' అని రాసి నేనే సంతకం పెట్టాను. ఆధార్ కార్డు కూడా అడగలేదు. మగాడి సంతకం అయితే చాలు.

మేజరైన స్త్రీకి ఆమె సమ్మతి తప్ప ఇంకెవరి సమ్మతీ అక్కర్లేదని 1971 నాటి ఎంటీపీ చట్టమే చెబుతోంది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పెళ్ళికాని స్త్రీలపై వివక్ష చెల్లదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. మరి ఈ భర్త సంతకం ఎక్కణ్ణుంచి వచ్చింది?

భయం నుంచి. అమెరికా 2022లో లాక్కున్న హక్కుని మనం 1971లోనే ఇచ్చేశామని మిత్రులు మురిసిపోతుంటారు. ఇవ్వలేదు. మనం ఇచ్చింది డాక్టరుకి మినహాయింపు. బ్రిటన్ 1967లో చేసిందీ అదే: నేరం నేరంగానే ఉంటుంది, షరతులు పాటించిన డాక్టరు మాత్రం బయటపడతాడు. మినహాయింపు మీద బతికేవాడు కాగితాలు పోగేసుకుంటాడు. ఆ కాగితాల్లో ఒకటి మొగుడి సంతకం.

బ్రిటన్ ఇప్పుడు కదిలింది. తన గర్భం విషయంలో స్త్రీని నేరస్థురాల్ని చేయకూడదని 2025 జూన్ 17న కామన్స్ సభ 379–137 ఓట్లతో తీర్మానించింది. మనమో? వలస చట్టాలు వదిలించుకున్నామని 2024 జులై 1న డప్పు కొట్టి, పాత 312వ సెక్షన్‌ని భారతీయ న్యాయ సంహితలో 88గా మళ్ళీ రాసుకున్నాం. తనంతట తాను గర్భం తీయించుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్‌లో ముద్దాయే. మూడేళ్ళ జైలు. బిడ్డ కదలిక తెలిశాకైతే ఏడేళ్ళు.

"సడలిస్తే ఆడపిల్లల్ని బతకనివ్వరు" అంటారు. లింగ నిర్ధారణకి 1994 చట్టం ఉంది. స్కానింగ్ సెంటర్‌ని పట్టుకోవడం చేతకాక ఆడదాని కడుపుకి కాపలా కాస్తే ఎలా?

ఈ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టబోతే 2022 మేలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు నిలబడింది, సంతోషం. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానం వెనక ఉన్నది ఆ అంబేద్కరే. పురిటినొప్పులు మగాళ్ళు పడాల్సొస్తే రెండో కాన్పుకి ఎవరూ ఒప్పుకోరన్న వాదన ఆ ప్రసంగంలో ఉంది. తీర్మానం ఓడిపోయింది.

ఆయన పేరున్న జిల్లాలో ప్రతి ఆస్పత్రి కౌంటర్ మీదా తెలుగులో ఒక బోర్డు పెట్టండి: "భర్త సంతకం అక్కర్లేదు." 88వ సెక్షన్‌లోంచి స్త్రీని తీసేయండి. నాలాంటి అన్నయ్యల అవసరం అప్పటికి గానీ తీరదు.