గృహోపకరణములు: గ్యాసు గీజరు మార్చునప్పుడు

ధనుర్మాసము సమీపించుచున్నది. తెల్లవాఱకమునుపే వేడినీళ్ళకొఱకు ఇంటిల్లిపాదియు వరుసకట్టు దినములివి. మా యింటి పాత గ్యాసు గీజరును తీసివేసి క్రొత్తది కొనవలసి వచ్చినందున కొన్ని సంగతులు విచారించితిమి. అవి సోదరీమణులకు తెలుపుట మంచిదని తోచినది.

పాతదానిని తీసివేయుటకు కారణము ముందు చెప్పెదము. గడచిన చలికాలమున మా అత్తగారు స్నానము చేసి వెలుపలికి వచ్చుచునే గడపమీద కూలబడిరి. తల తిరుగుచున్నదనియు, కడుపులో త్రిప్పుచున్నదనియు అనిరి. ఆనాడు ఏకాదశి. ఉపవాసమువలని పైత్యమనుకొని నిమ్మరసమిచ్చి పరుండబెట్టితిమి. వారము తిరుగకుండ మా చిన్నమ్మాయి తలంటుకొని వచ్చి అదే మాట చెప్పినది. ఆ పిల్లకు ఉపవాసము లేదుగదా! అప్పుడుగాని మా చూపు గీజరుమీదికి పోలేదు. దాని కిటికీలోనుండి చూడగా మంట నీలముగా లేదు. పసుపుపచ్చగా లేచి పైరేకునకు మసి పట్టించుచున్నది.

గ్యాసు కారినచో వాసన వచ్చునుగదా యని మన ధైర్యము. ఆ వాసన మనల హెచ్చరించుటకై సిలిండరులోని గ్యాసునకు కలిపినది. ఆ గ్యాసు సరిగా కాలనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసనయు లేదు. నెత్తురులో ప్రాణవాయువు నిలువవలసిన చోటును అది ఆక్రమించుకొనును. దాని పట్టు ప్రాణవాయువు పట్టునకు 200 రెట్లకు పైమాటయే. తలనొప్పి, వికారము, తల తిరుగుట మొదటి గుర్తులు. పిమ్మట కాళ్ళలో సత్తువ పోవును. గడియ తీయవలెనని తెలిసియు చేయి లేవదు.

ఒక లెక్క చూడుడు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల స్నానపుగదిలో 280 ఘనపుటడుగుల గాలి పట్టును. నిమిషమునకు 6 లీటర్ల నీరు కాచు గీజరు గంటకు సుమారు ఒక కిలో గ్యాసు కాల్చును. తలుపు, కిటికీ మూసి 10 నిమిషములు మండించినచో ఆ గదిలోని ప్రాణవాయువులో నాలుగవవంతునకు పైగా మంటయే మ్రింగును. గాలి తగ్గినకొలది మంట చెడును. మంట చెడినకొలది విషము హెచ్చును. పైన ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నదిగదా యని కొందఱందురు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగును. గీజరు ఆగదు, అది బ్యాటరీతో వెలుగునది.

ఇంత జరిగినను, దుకాణమునుండి వచ్చిన పనివాడు, "అవే మేకులు, అవే పైపులు ఉన్నవమ్మా, అరగంటలో తగిలించెదను" అనెను. పాతదానిని మార్చువారు సాధారణముగా మోసపోవునది యిక్కడనే. యంత్రమును ఎంచుటకు ముందు చోటును ఎంచవలయును. స్నానపుగదిలో తగిలించు మాటయే వలదు. పెరటి వరండాలోనో, గాలి ధారాళముగా ఆడు బాల్కనీలోనో వెలుపలి గోడకు తగిలించి, వేడినీటి గొట్టమును మాత్రము గోడగుండ లోనికి తేవలయును. సిలిండరు నేలమీద నిలువుగా ఉండవలయును. గ్యాసు గాలికంటె బరువైనది, పల్లమునకు జాఱును; కావున తూము ప్రక్కన ఉంచరాదు.

అట్టి వెలుపలి గోడ లేని ఫ్లాటులలో కరెంటు గీజరే మేలు. 15 లీటర్ల తొట్టి గలది, 2 కిలోవాట్లది, సుమారు 20 నిమిషములలో కాగును. అందు చన్నీళ్ళు కలిపినచో ఒకరి స్నానమునకు చాలును. తరువాతివారు మరల కనిపెట్టుకొని యుండవలయును. ఆఱుగురు ఏడుగంటలలోగా ముగింపవలసిన మా యింట అది పొసగలేదు. గ్యాసుదైనచో 18 లీటర్ల బకెట్టు మూడు నిమిషములలో నిండును, ఎందఱికైనను ఆగకుండ వచ్చును.

కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూచుట అందఱు నెఱిగినదే. ఎఱుగనిది నీటి ఒత్తిడి. మేడమీది ట్యాంకు కుళాయికంటె 3 మీటర్లే ఎత్తున్నచో ఒత్తిడి సుమారు 0.3 బారు మాత్రమే. అంతకంటె హెచ్చు కోరు గీజరు తెచ్చినచో అది వెలుగనే వెలుగదు. పెట్టెమీద వ్రాసియుండు కనిష్ఠపు అంకెను చదివి కొనుడు. హైదరాబాదు, విజయవాడలవంటి చోట్ల గొట్టముద్వారా గ్యాసు వచ్చు ఇండ్లవారు అందుకు తగిన రకమునే అడుగవలయును. సిలిండరు గ్యాసునకు చేసినది దానికి పనికిరాదు. బోరునీటి ఊళ్ళలో లోపలి రాగిగొట్టమునకు సున్నము పేరును. పనివానిచేత ఏటేట శుభ్రము చేయించుచు, బర్నరును కూడ తుడిపింపవలయును. మేము పదియేండ్లలో ఒక్కసారియు చేయింపలేదు. ఆ తప్పు మాదే.

క్రొత్తది వరండా గోడకెక్కినది. గొట్టమునకు, గోడకు చిల్లి వేయుటకు కొంత అదనముగా ఖర్చయినది. పాతసామానులవాడు పాతదానిని చేతబట్టి, "ఇంకను పనిచేయునా అమ్మా?" అని యడిగెను. ఎవరియింటనో మరల తగిలింతురని భయపడి, బర్నరును సుత్తితో వంచి మఱి యిచ్చితిమి.