పత్తి కట్టె మనదే, మరి గిర్ని ఎవరిది?

ఫిబ్రవరి, మార్చి నెలలల్ల పొద్దుమూకినంక మా ఊరి గుట్ట ఎక్కి చూస్తే నాలుగు దిక్కులా మంటలే కనవడ్తయ్. పత్తి ఏరుడు అయిపోయింది, కట్టె పీకుడు అయిపోయింది, కుప్ప వెట్టి అగ్గిపుల్ల గీకుడే మిగిలింది. రైతును తప్పువడితే లాభం లేదు. కట్టె పీకనీకి కైకిలి ఇచ్చేటాళ్లకే నడుములు ఇరుగుతున్నయ్, దాన్ని ట్రాక్టర్ల వేసి ఎటు కొంచవోతడు? పైంగ కట్టె చేన్లనే ఉంటే గులాబీ పురుగు మల్ల మొదలైతదని వ్యవసాయ శాఖోళ్లే చెప్తరు. గందుకే కాలవెడ్తున్నరు.

పోయినేడు మా ఊరికి ఒకాయన వచ్చిండు. "మీ పత్తి కట్టె మేమే కోసుకపోతం, చేను సాపు చేసిస్తం, మీకు రూపాయి ఖర్చు ఉండది" అన్నడు. రైతులు సంబురపడ్డరు. మిషిన్ వచ్చింది, కట్టె ముక్కలు ముక్కలు చేసి లారీల ఎక్కిచ్చింది. పది దినాలల్ల మా ఊరి సగం కట్టె ఎల్లిపోయింది. అప్పుడు మా చిన్నమ్మ ఒక్క మాట అడిగింది: "బిడ్డా, ఊరి కట్టె అంత లారీల ఎక్కితే మా పొయ్యిలకు ఏం వెట్టాలె?"

మా చిన్నమ్మకు సెంటు భూమి లేదు. పత్తి ఏరనీకి పోయి, కట్టె పీకనీకి పోయి, వచ్చేటప్పుడు నెత్తిమీద ఒక మోపు తెచ్చుకుంటది. ఆ మోపులతోని వానకాలం దాక వంట ఎల్లుతది. రైతుకు చెత్త అయింది ఆమెకు వంటచెరుకు. గీ వ్యాసమంత ఆమె అడిగిన మాట చుట్టే.

ఇంతకు ఆ లారీ ఎటు పోయింది? పెల్లెట్ మిల్లుకు. పెల్లెట్ అంటే కట్టె గుళిక. చిటికెన వేలంత లావు, ఇంచో రెండించులో పొడుగు. పశువులకు వేసే దాణా గుళికలు చూసిన్రు కదా, అచ్చం గట్లనే ఉంటది. కట్టెను ముక్కలు చేసి, పొడి చేసి, తడి నూటికి 10 నుంచి 15 పాళ్ల దాక ఉండేటట్టు ఆరవెట్టి, రంధ్రాలున్న ఇనుప డై మీద రోలర్లతోని ఒత్తుతరు. ఆ ఒత్తిడికి, వేడికి కట్టెల ఉన్న లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి బంక లెక్క పట్టుకుంటది. వేరే జిగురు అక్కర లేదు.

ఎందుకు ఇంత తిప్పలు? ఇడి పత్తి కట్టె ట్రాక్టర్ నిండ వేసినా బరువు ఉండది, జాగ మాత్రం మస్తు తింటది. గుళిక చేస్తే ఒక ఘనపు మీటరుకు 600 కిలోల పైన పడ్తది. మోసుడు అలక, దాసుడు అలక. ఒక్క తీరుగ మండుతది, పొగ తక్కువ. కిలో గుళికలల్ల సుమారు 3,800 కిలో క్యాలరీల వేడి ఉంటది. మన దేశపు బొగ్గు శానా మట్టుకు గీ లెక్కకు దగ్గర్లనే ఉంటది.

ఇప్పుడే ఎందుకు ఇంత గిరాకీ అంటే, దానెనుక ఢిల్లీ ఉంది. బొగ్గు కరెంటు ప్లాంట్లల్ల బొగ్గుతోని కలిపి పెల్లెట్లు కాలవెట్టాలని కేంద్ర విద్యుత్ శాఖ 2017లనే చెప్పింది. 2021 అక్టోబర్ల తప్పనిసరి చేసింది. 2023 జూన్ల గడువు మార్చి, 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం కలపాలన్నది. ఇది చెడ్డ పని అని నేను అంటలేను. చేన్ల ఉత్తగ కాలే కట్టె బొగ్గుకు బదులు కాలితే మంచిదే. కానీ లెక్క జర చూడాలె.

500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి నిండుగ నడిస్తే దినానికి రమారమి 7,500 టన్నుల బొగ్గు తింటది. అండ్ల 5 శాతం అంటే 375 టన్నుల పెల్లెట్లు, ఒక్క దినానికి! ఊర్ల పెట్టుకునే చిన్న మిషిన్ గంటకు పావు టన్ను ఒత్తుతది, ఎనిమిది గంటలకు 2 టన్నులు. అంటే ఒక్క యూనిట్ కడుపు నింపనీకి 180 కి పైన ఊర్ల మిల్లులు నడవాలె. గంత పెద్ద ప్లాంటు ఒక్కో ఊరి మిల్లుతోని బేరం చేస్తదా? పెద్ద టెండర్ వెడ్తది, డిపాజిట్ అడుగుతది. అది కట్టగలిగేటోడు పెద్ద సేటు. మనం ఆ సేటుకు ముడి కట్టె అందిచ్చేటోళ్లం అయితం. వానికి నచ్చిందే ధర.

గీ సినిమా మనం ఒకపారి చూసినం తమ్మీ. నా చిన్నప్పుడు మా ఇంట్ల ఊక పొయ్యి ఉండె. నడుమ కర్ర నిలవెట్టి, చుట్టూత ఊక దట్టిచ్చి, కర్ర గుంజి అంటువెడ్తే ఒక పూట వంట అయితుండె. రైస్ మిల్లు కాడికి సంచి పట్టుకపోతే ఊక ఉత్తగనే నింపుకోనిస్తుండిరి. తర్వాత ఊకతోని కరెంటు తీసే ప్లాంట్లు ఉమ్మడి రాష్ట్రంల వరుసగ వచ్చినయ్. ఇటుక బట్టీలు, బాయిలర్లు కూడా ఊక అడగవట్టినయ్. ఊకకు ధర వచ్చింది. ముందుగాల మా సంచి బందయింది. ఆఖరికి ఊక ధర మోయలేక ఆ కరెంటు ప్లాంట్లల్ల కూడా శానా మూతవడ్డయ్. చెత్తకు ధర వస్తే అందరికి లాభమే అనుకుంటం. ఆ ధర చెప్పేటోడు ఎవడన్నదే అసలు ముచ్చట.

ఇంకో కథ. మహారాష్ట్ర, కర్ణాటకల ఊర్జా అనే పొయ్యి వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తల పనితనం, బీపీ అనే పెద్ద ఆయిల్ కంపెనీ పెట్టుబడి. కింద చిన్న ఫ్యాను, పైన పెల్లెట్లు, పొగ బహు తక్కువ. 4 లక్షలకు పైగా పొయ్యిలు అమ్ముడువోయినయ్. ఆడోళ్లు మెచ్చిన్రు. మరి ఎందుకు ఆగింది? పెల్లెట్లు చేసే ముడిసరుకుకు ఫ్యాక్టరీలు ఎగవడ్డయ్, ధర పెరిగింది, దాంతోని పెల్లెట్ ధర పెరిగింది. ఇండ్లల్ల పొయ్యిలు మూలకు వడ్డయ్. బీపీ 2009ల చేతులు దులుపుకున్నది. ఆ ధంద ఇండ్లను ఇడిచి హోటళ్లు, పెద్ద వంటశాలల దిక్కు మళ్లింది. పొయ్యి మంచిదే. కానీ దాంట్ల వేసే గుళిక మీద వండే ఆడమనిషికి ఏ హక్కూ లేకపాయె.

గందుకే నేననేది ఒక్కటే మాట. పెల్లెట్ మిల్లు మన ఊర్ల గిర్ని లెక్క ఉండాలె. గిర్ని ఎట్ల నడుస్తదో మనకు తెల్వదా? జొన్నలు మనయి, పిండి మనది. పట్టిచ్చిన కూలి మాత్రం గిర్నాయనకు ఇస్తం. గిర్నాయన మన జొన్నలకు ధర కట్టి కొని, మనకే పిండి మల్ల అమ్మడు. కట్టె కూడా గట్లనే. ఎవరి మోపు వాళ్లు తేవాలె, గుళికలు తీస్కపోవాలె, పట్టిచ్చిన కూలి కట్టాలె. పైసలు లేనోళ్లు కూలికి బదులు ఇంకో మోపు ఇయ్యాలె. ఆఫ్రికాల రువాండ దేశంల ఒక కంపెనీ సరిగ్గ గీ తీరే చేసింది: పుల్లలు తెచ్చిస్తే పెల్లెట్లు ఇచ్చింది. ఆ కంపెనీ 2020ల మూతవడ్డది. పద్ధతి మంచిదైనంత మాత్రాన గిర్ని నడవది, లెక్క కూడా కుదరాలె.

మరి మన లెక్క చూద్దాం. ఎకరం పత్తికి సుమారు ఒక టన్ను కట్టె వస్తది. దినానికి 2 టన్నుల మిషిన్ ఏడాదికి 200 దినాలు నడిస్తే 400 టన్నులు, అంటే 400 ఎకరాల కట్టె. తెలంగాణల ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నం. పత్తి బాగ వేసే ఊర్లల్ల గంత కట్టెకు కరువుండది. కట్టె కొట్టుడు, మోసుడు, నలుగురి కూలి, టన్నుకు 100 యూనిట్లకు పైన కరెంటు, డై రోలర్ల అరుగుదల, బ్యాంకు మిత్తి అన్నీ కలిపి కిలోకు 6 నుంచి 7 రూపాయలు పడ్తదని నా కాగితం లెక్క. 9 - 10 రూపాయలకు అమ్మితే నిలవడ్తది.

ఎవరికి అమ్మాలె? ఇక్కడ నిజం మాట్లాడుకోవాలె. ఇంటి గ్యాసు బుడ్డి ఒక్కటి చేసే పనికి 65 కిలోలకు పైగా పెల్లెట్లు కావాలె. అంటే 600 రూపాయల పైనే. మహాలక్ష్మి కింద 500లకు బుడ్డి వచ్చే ఇంటికి పోయి పెల్లెట్ కొనుమంటే నవ్వుతరు. గందుకే కొనేటి మొదటి గిరాకీ ఇల్లు కాదు. హోటల్, ఫంక్షన్ హాల్, హాస్టల్, బడి వంటశాల. 19 కిలోల పెద్ద బుడ్డికి సబ్సిడీ లేదు. దాని పని చెయ్యనీకి 90 కిలోల పెల్లెట్లు, అంటే 900 రూపాయలు. ఆ బుడ్డి ఇయ్యాల ఎంత పెట్టి కొంటుండో మీ ఊరి హోటలాయనను అడగండి, తేడా ఆయనే చెప్తడు. నిజామాబాద్, జగిత్యాల దిక్కు పసుపు ఉడకవెట్టేతందుకు కూడా కట్టెలే కదా కాలవెడ్తరు. అది ఇంకో గిరాకీ.

బడి వంటశాల సంగతి వేరే చెప్పాలె. మా ఊరి బడిల మధ్యాహ్న భోజనం వండే అక్కలు ఇప్పటికీ మూడు రాళ్ల పొయ్యి మీదనే వండుతరు. పది గంటలకు పోయి చూడండి, పొగల అక్కల మొఖం కనవడది, దగ్గే ఇనవడ్తది. ఊరి కట్టె ఊరి గుళిక అయి, ఫ్యాను పొయ్యిల కాలి, ఊరి పిల్లల బువ్వ ఉడికితే, ఆ బూడిద మల్ల ఊరి చేన్లకే పోతది. అండ్ల పొటాష్ ఉంటది, ఎరువే. అదే కట్టె కరెంటు ప్లాంటుకు పోతే బొగ్గు బూడిదల కలిసి చెరువుల పడ్తది.

నా మాట ఇని ఆగమాగం మిషిన్ కొనకండి. మా దిక్కు ఒక తమ్ముడు ఎనిమిది లక్షల అప్పు తెచ్చి మిషిన్ పెట్టిండు. అమ్మినోడు "ఏ చెత్త వేసినా గుళిక వస్తది" అన్నడు. వేర్లకు మట్టి ఉన్న కట్టె వేసిండు, మూడు నెలలల్ల డై అరిగింది. వానలు వడ్డయ్, షెడ్డు లేదు, కట్టె తడిసింది, గుళికలు చేతిల పట్టుకుంటే పొడి అయినయ్. పత్తి కట్టె దొరికేది రెండు మూడు నెలలే, మిగిలిన కాలానికి దాసుకోవాలన్న సోయి ఎవరూ చెప్పలే. ఇయ్యాల ఆ మిషిన్ మీద కోళ్లు పండుకుంటున్నయ్. ముందు షెడ్డు, తర్వాత కొనేటోడు, ఆఖర్న మిషిన్. గీ వరుస తప్పొద్దు.

వరిగడ్డి జోలికి పోకండి. అది పశువుల నోటి కూడు, పైంగ దాని బూడిద కూడా ఎక్కువ. చేన్ల కట్టె అంత ఊడ్చుకరాకండి. కొంత ముక్కలు చేసి భూమిల కలపాలె, భూమికి కూడా తిండి కావాలె. అన్నిటికంటె ముందు, భూమి లేనోళ్ల మోపు పక్కకు తీసినంకనే గిర్నికి కట్టె పోవాలె. ఇది గ్రామసభల తీర్మానం చేసి రాసుకోవాలె. నోటి మాటైతే రేపు ధర పెరగంగనే మర్చిపోతరు.

సర్కార్ పైసలు లేవా? ఉన్నయ్. 2022 నవంబర్ల కేంద్రం జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం తెచ్చింది. అప్పట్ల గంటకు టన్ను ఒత్తే మిల్లుకు 9 లక్షల లెక్కన, ఎక్కువల ఎక్కువ 45 లక్షల సాయం అన్నది. చూసిన్రా, లెక్క టన్ను మీద ఉన్నది. ఎంత పెద్ద మిల్లైతే గంత ఎక్కువ సాయం. గంటకు పావు టన్ను ఒత్తే ఊరి గిర్ని ఆ లెక్కల ఏ మూలకు? మన రాష్ట్ర సర్కార్ మహిళా సంఘాలకు సోలార్ ప్లాంట్లు, ఆర్టీసీ అద్దె బస్సులు, పెట్రోల్ బంకులు ఇస్తున్నమంటుంది. మంచిదే. ఆ జాబితల ఊరి పెల్లెట్ గిర్నిని కూడా చేర్చమని అడుగుదాం. మండలంల ఉన్న బడులు, హాస్టళ్లు మూడేండ్ల పాటు ఆ సంఘం కాడనే కొనాలని కాగితం రాసియ్యమందాం. ఆ కాగితం ఉంటే బ్యాంకోడు అప్పిస్తడు. లేకుంటే గిర్ని ఎన్ని దినాలు నడుస్తదో మన తమ్ముని కోళ్లను అడుగుదాం.

దసరకు ఊరికి వచ్చే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఫోన్ల రీల్స్ జర పక్కకు వెట్టి మూడు లెక్కలు రాసుకోండి. ఊర్ల పత్తి ఎన్ని ఎకరాలు? ఆ కట్టె మీద వంట చేసే ఇండ్లు ఎన్ని? మండలంల బడులు, హాస్టళ్లు, హోటళ్లు నెలకు ఎంత గ్యాసు, ఎన్ని కట్టెలు కాలవెడ్తున్నయ్? గీ మూడు లెక్కలు చేతిల ఉంటే, వచ్చే ఫిబ్రవరిల ఆ లారీ ఆయన వచ్చినప్పుడు ఊరు ఊకె తల ఊపది, బేరం ఆడ్తది. మా ఊర్ల లెక్క రాసుడు మొన్ననే షురూ చేసినం. మొదటి పేరు మా చిన్నమ్మది. ఏడాదికి ఎన్ని మోపులే అని అడిగితే, ఏళ్లు మడిచి ఎంచి, "నలభై రాస్కో, కొట్టెయ్యకు మల్ల" అన్నది.