జవాబే లేని ప్రశ్నకు మార్కులెట్ల ఏస్తరు?

మా అక్క బిడ్డ బీటెక్ పాసై, అమీర్‌పేట హాస్టల్ల ఉండి కొలువు దేవులాడుతున్నది. పోయిన నెల ఓ కంపెనీ రాత పరీక్షల తప్పింది. "మామా, ప్రోగ్రామ్ రాయమంటే రాస్తుంటి. అన్నీ తిరకాసు ప్రశ్నలే ఇచ్చిన్రు" అని ఫోన్ల ఏడ్చింది.

ఒకటి చెప్పమన్న. సీ భాషల ‘ఐ’ విలువ 5. ‘ఐ ప్లస్ ప్లస్’కు ‘ప్లస్ ప్లస్ ఐ’ కూడి, వచ్చిందాన్ని మళ్ల ‘ఐ’లనే పెట్టాలె. ఇప్పుడు ‘ఐ’ ఎంత? పిల్ల 12 అని పెట్టింది. కోచింగ్ మెటీరియల్ల మాత్రం 13 అని ఉన్నదట. అది బట్టీ కొట్టినోళ్లు గట్టెక్కిన్రు.

నేను కంప్యూటర్ సదువు సదివినోన్ని కాదు. అయినా పట్టుబట్టి తెలుసుకున్న. సీ భాషకు 1989ల అమెరికాల ప్రమాణం రాసిన్రు. ఒకే లెక్కల, ముందేది ఎనకేది అని తేల్చకుండ, ఒక్క విలువను మళ్లమళ్ల మారిస్తే ఫలితానికి పూచీ లేదన్నది దాని సారం. ఒక కంపైలర్ల 12 రావచ్చు, ఇంకోదాంట్ల 13 రావచ్చు. అసలు జవాబు "అట్ల రాయొద్దు" అని. కిందిచ్చిన నాలుగు అంకెలల్ల అది లేనేలేదు!

మరి 13 యాడికెల్లి వచ్చింది? మన కాలేజీ ల్యాబులల్ల 1990ల నాటి టర్బో సీ నీలి తెర ఏండ్లకేండ్లు నడిచింది. గసొంటి పాత కంపైలర్ చూపిన అంకే గైడుల అచ్చయితది. గైడు పాఠమైతది, పాఠం ప్రశ్నపత్రమైతది. మైత్రీవనం గల్లీల జిరాక్సు తీసుకునే పైసలున్నోనికి మార్కు, సమజు చేసుకొని సదివినోనికి సున్నా.

వేలమంది వస్తరు, వడపోత ఉండాలె గదా అంటరు. ఉండాలె. కానీ చెరిగే చేతికి గింజేదో తాలేదో తెల్వాలె. గూగుల్‌ల కొలువుల వ్యవహారం చూసిన లాజ్లో బాక్, ఇంటర్వ్యూలల్ల పొడుపుకథ ప్రశ్నలు శుద్ధ దండగ, అడిగేటోనికి తాను తెలివిగల్లోన్నని అనిపించుడు తప్ప పనికిరావని 2013లనే ఒప్పుకున్నడు. ఈ తిరకాసు ప్రశ్నలు వాటికి తమ్ముళ్లే.

సర్కారు కొలువు పరీక్షకైతే కీ బయటపెడ్తరు, అభ్యంతరాలు తీసుకుంటరు. ప్రైవేటు పరీక్షల తప్పు ప్రశ్నొస్తే అడిగే దిక్కేది? కంపెనీలు గూడ కీ చూపెట్టాలె. పాడైన ప్రోగ్రామ్ ఇచ్చి బాగుచెయ్యమనాలె. సార్లు గా లెక్కను క్లాసుల చెప్తే, ఎందుకు రాయొద్దో చెప్పాలె.

బిడ్డకు ఒక్కటే చెప్పిన: తప్పింది నువ్వు కాదమ్మా, ప్రశ్న.