గోడ మీద బాంబర్

కాఫీ షాపుల్లో, ఆఫీసు రిసెప్షన్లలో, కొత్తగా సర్దుకున్న ఫ్లాట్ల హాళ్లలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానాల ఫోటోలు వేలాడుతుంటాయి. పాతబడిన గోధుమరంగు ఛాయ, నల్లటి ఫ్రేము, మబ్బుల మీద నాలుగు ఇంజన్ల విమానం. చాలావరకు అది బ్రిటన్ వారి లాంకాస్టరో, అమెరికా వారి బి-17నో అయివుంటుంది. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ దాదాపు ఏ ఫోటో కిందా ఒక్క అక్షరం ఉండదు. ఏ విమానం, ఏ ఏడు, ఏ ఊరి మీదికి బయల్దేరింది, తిరిగొచ్చిందా లేదా, ఏదీ తెలియనివ్వకుండా దాన్ని పూలకుండీ పక్కన అలంకారంగా పెట్టడం నాకు మింగుడుపడదు.

ఆ లాంకాస్టర్ సంగతే చూడండి. మొత్తం 7,377 తయారయ్యాయి. ఒక్కోదానిలో ఏడుగురు. తోకలో కూర్చునే గన్నర్ మిగతా ఆరుగురికీ దూరంగా, గడ్డకట్టే చలిలో, గంటల తరబడి చీకట్లోకి కళ్లు చించుకుని చూడాలి. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది. వాళ్లలో 55,573 మంది తిరిగి రాలేదు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. కెనడా నుంచి, ఆస్ట్రేలియా నుంచి, పోలండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు.

విమానం ముక్కు మీద వరసగా గీసిన చిన్న చిన్న బాంబు బొమ్మలు చూసి అందరూ ముచ్చటపడతారు. అవి లెక్క గుర్తులు. ఒక్కో బొమ్మ ఒక్కో దాడి. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో వందకు పైగా దాడులకు వెళ్లొచ్చిన లాంకాస్టర్ ఒకటుంది. అన్ని దాడులంటే కింద ఎన్ని ఊళ్లు, ఎన్ని వీధులు! 1943 జూలై చివర్లో హాంబర్గ్ మీద జరిగిన దాడుల్లో విడివిడి మంటలన్నీ ఒకటై తుపానులా లేచాయి. 35,000కు పైగా జనం పోయారు. నాజీలను ఓడించి తీరాల్సిందే, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. నేలమాళిగల్లో ఊపిరాడక పోయిన పసివాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉన్నారన్నది కూడా అంతే నిజం. గోడ మీది ఫోటో ఈ రెండిట్లో ఏదీ చెప్పదు. ఎందుకంటే కెమెరా పట్టుకున్న మనిషి రన్‌వే పక్కన ఉన్నాడు, లేదా పక్క విమానంలో ఉన్నాడు.

కింద నిలబడి తలెత్తి చూడటం ఎలా ఉంటుందో మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. హాంబర్గ్ ముందు ఆ నష్టం చాలా చిన్నది. అయినా విశాఖ జనం పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆనాడు పడ్డ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ దాడికొచ్చిన జపాన్ విమానం కూడా ఫోటోలో అందంగానే ఉంటుంది, మంచి ఫ్రేము కట్టిస్తే హాలుకు నిండుదనం వస్తుంది. కానీ విశాఖలో ఏ ఇంట్లోనైనా దాన్ని ఊరూ పేరూ లేకుండా తగిలిస్తే, తాతల కాలం నాటి ఆ పరుగు గురించి విన్నవాళ్లు ఊరుకుంటారా? మన గోడ మీది లాంకాస్టర్‌ను చూసిన హాంబర్గ్ మనిషికీ అలాగే ఉంటుంది.

విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్లకు మన కథే ఒకటుంది, అది ఎంతమందికి తెలుసో! యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో తమ బి-24 లిబరేటర్ బాంబర్లను ఎగరడానికి వీల్లేకుండా పాడుచేసి మరీ వదిలిపోయారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచి నలభై దాకా విమానాలను బాగుచేసి మన వైమానిక దళానికి అప్పగించారు. 1968 దాకా అవి పనిచేశాయి. ఇవాళ బ్రిటన్, అమెరికా, కెనడాల్లో మ్యూజియంలకెక్కిన లిబరేటర్లలో కొన్ని ఇక్కణ్నుంచి వెళ్లినవే. ఢిల్లీ పాలంలో ఒకటి మిగిలింది. బాంబర్ బొమ్మ కావాలనుకునే తెలుగు ఇంటికి నేనైతే ముందు మన గుర్తులున్న ఆ లిబరేటర్‌నే సూచిస్తాను.

యుద్ధం నాటి ఫోటోయే కావాలంటే మాత్రం నా ఓటు ఒక్కదానికే. 1943 ఆగస్టు 1న లిబియాలోని బెంఘాజీ నుంచి లిబరేటర్లు రుమేనియాలోని ప్లొయెష్టి చమురు శుద్ధి కేంద్రాల మీదికి వెళ్లాయి. చెట్ల కొనలు తాకేటంత కిందగా ఎగురుతూ దాడి చేశాయి. 54 విమానాలు పోయాయి, 310 మంది సిబ్బంది చనిపోయారు. అంతా చేస్తే కొద్ది వారాల్లోనే అక్కడ చమురు మళ్లీ మామూలుగా వచ్చింది. ఆ రోజు ‘శాండ్‌మాన్’ అనే లిబరేటర్ పొగగొట్టాల మధ్య నుంచి, కమ్ముకున్న నల్లటి పొగలోంచి బయటపడుతుండగా తీసిన ఫోటో ఉంది. విమానమూ, అది చేసిన పనీ ఒకే ఫ్రేములో పడ్డ అరుదైన బొమ్మ అది. ఆకాశం ఒక్కటే చూపించి తప్పుకోదు.

ఏది తగిలించినా కింద రెండు వరసలు రాయించాలి: విమానం పేరు, తేదీ, వెళ్లిన చోటు, పైనా కిందా పోయినవాళ్లు. అమ్మేవాళ్లు కనీసం ఫ్రేము వెనక అట్ట మీదైనా ఇది అచ్చువేయాలి. వేయకపోతే కొనేవాళ్లు అడగాలి.