చేయి చాచేంత దూరం

ఇంటికి చుట్టాలొస్తారు. నాలుగేళ్ల పాప అమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. 'బాబాయికి ముద్దివ్వమ్మా, లేకపోతే బ్యాడ్ గర్ల్ అంటారు' అని బుజ్జగిస్తుంది తల్లి. ఈలోగా బాబాయి బుగ్గ గిల్లి, ఒళ్లో కూర్చోబెట్టుకోనే కూర్చోబెట్టుకుంటాడు. పాప గింజుకుంటుంటే అందరూ నవ్వుతారు. మర్నాడు స్కూల్లో అదే పాప పక్క పిల్ల మెడకు చేతులు చుట్టి, ఏడ్చినా వదలదు. 'మీ అమ్మాయి అందరి మీదా పడుతోంది' అని టీచర్ డైరీలో రాసి పంపితే ఇంట్లోవాళ్లకు ఆశ్చర్యం!

ఆశ్చర్యపడాల్సింది లేదు. 'వద్దు' అన్న తన మాటకు విలువ లేదని తెలిసిన పిల్లలు ఎదుటివాళ్ల 'వద్దు'కు విలువ ఎందుకిస్తారు?

ప్రతి మనిషి చుట్టూ కంటికి కనిపించని గిరి ఒకటి ఉంటుంది. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో 'ది హిడెన్ డైమెన్షన్' పుస్తకంలో దాన్ని కొలతలతో సహా చెప్పాడు. ఆయన గమనించిన అమెరికన్లలో స్నేహితుల మధ్య దూరం 45 నుంచి 120 సెంటీమీటర్లు. ఈ కొలత అన్ని దేశాల్లో ఒకేలా ఉండదని చెప్పిందీ ఆయనే. నలుగురు పిల్లలు ఒకే మంచం మీద పడుకునే మన ఇళ్లలో ఆ గిరి చిన్నది కావచ్చు. అసలు లేకుండా పోదు.

రెండు మూడేళ్ల వయసులో ఇదంతా అర్థం కాదు. తిట్టి లాభం లేదు. మీదపడిన చేతిని మెల్లగా తీసి, 'చెల్లికి ఇష్టం లేదు, చూడు ఎలా ఏడుస్తోందో' అని ముఖం చూపించాలి. నాలుగేళ్లు దాటితే ఆటగా నేర్పొచ్చు. స్కూలు ప్రార్థనలో వరుసగా నిలబడేటప్పుడు చేయి చాచి దూరం చూసుకోవడం పిల్లలకు తెలిసిందే. మాట్లాడేటప్పుడూ అంతే దూరమని చెబితే ఇట్టే పట్టేస్తారు. కౌగిలించుకునే ముందు, బొమ్మ తీసుకునే ముందు అడగడం అలవాటు చేయాలి. చక్కిలిగింతలు పెడుతున్నప్పుడు 'చాలు' అనగానే పెద్దవాళ్లు ఆపేయాలి. నవ్వుతూ అన్నా సరే.

మరి పెద్దవాళ్లు నొచ్చుకుంటే? 'ఇప్పుడు దానికి ఇష్టం లేదు మామయ్యగారూ, కాసేపాగితే తనే వస్తుంది' అంటే సరిపోతుంది. ముద్దు వద్దన్నంత మాత్రాన మర్యాద వద్దని కాదు. ముట్టుకోకుండా గౌరవించడానికి మనకు నమస్కారం ఉండనే ఉంది.

ఇది మర్యాదతో ఆగే విషయం కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్టు చెప్పారు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లే. 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. కానీ చట్టం దాకా వెళ్లాలంటే ముందు పిల్లలు నోరు విప్పాలి. బంధువులు ముద్దు పెట్టుకుంటుంటే కాదనకూడదని నేర్చుకున్న పిల్లలకు ఆ నోరు ఎలా వస్తుంది?

అన్నింటికీ 'వద్దు' కుదరదు. రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవాల్సిందే. ఇంజెక్షన్ వేయించుకోవాల్సిందే. అప్పుడు కూడా ఏం చేయబోతున్నారో, ఎందుకో ముందే చెప్పాలి. డాక్టరు పరీక్షించేటప్పుడు అమ్మో నాన్నో పక్కనే ఉండాలి. స్నానాల గది తలుపు తట్టకుండా ఎవరూ, కన్నవాళ్లయినా సరే, తోసుకురాకూడదు. ఇంట్లో పెద్దలు పాటించే పద్ధతినే పిల్లలు బడికి తీసుకెళ్తారు.